అంచు మీద పేరుంది, జాకెట్ లోపల నాలుగంకెలున్నాయి. ఈ ఇద్దరూ ఎవరో కనుక్కునేదెలా?

గుండీలపెట్టె:

అందరికీ నమస్కారం. నా దగ్గర రెండు వస్తువులున్నాయి. వేర్వేరు దేశాలవి, వేర్వేరు యుద్ధాలవి. వాటిని వాడిన మనుషులెవరో తెలుసుకోవాలని ఉంది.

మొదటిది మొదటి ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ విక్టరీ మెడల్. ముందు వైపు రెక్కలున్న దేవత, వెనక 1914-1919 అని ఉంది. రిబ్బన్ లేదు. అంచు మీద ఇంగ్లీషులో ఒక ఆరంకెల నంబరు, ఆ తర్వాత ప్రైవేట్ జె. స్మిత్, మాంచెస్టర్ రెజిమెంట్ అని ఉంది. అమ్మినాయన మాత్రం "1916లో ఫ్రాన్స్‌లో సోమ్ యుద్ధంలో చనిపోయిన కుర్రాడిది" అని ఒట్టేసి మరీ చెప్పాడు. కాగితం ముక్క కూడా ఇవ్వలేదు. జె. స్మిత్ అని వెతికితే ఊరంత జాబితా వస్తోంది.

రెండోది అమెరికన్ ఉన్ని జాకెట్, ఐక్ జాకెట్ అంటారు కదా, అది. ఎడమ భుజం మీద నీలం గుండ్రంలో బంగారు రంగు సింహం తల. అదే చేతికి మణికట్టు పైన నాలుగు చిన్న బంగారు గీతలు, ఒకదాని మీద ఒకటి. కుడి భుజం ఖాళీ. కుడి జేబు పైన రెక్కలు చాచిన పక్షి. లోపల లైనింగ్ మీద నల్ల సిరాతో బి అనే అక్షరం, ఒక గీత, నాలుగంకెలు. పేరెక్కడా లేదు. ఆ అంకెలు సైజుకి సంబంధించినవా, గోడౌన్ నంబరా అర్థం కావట్లేదు.

ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి. ఇంకో మాట, మెడల్ బాగా నల్లబడింది. తోమొచ్చా?

ఎర్రనక్షత్రం:

తోమొద్దు. తోమొద్దు. తోమొద్దు.

అంచు మీది అక్షరాలు ఎక్కువగా అరిగేది తోముడు వల్లే. సరిగ్గా కనబడకపోతే గదిలో లైటు తీసేసి, టార్చిని పక్కనుంచి ఏటవాలుగా వేసి ఫోటో తీయండి. నల్లదనమే అక్షరాల్ని చదివిస్తుంది.

పాతరిబ్బన్:

అమ్మా, ముందు మెడల్ సంగతి చూద్దాం. జాకెట్ గురించి లెక్కలమాస్టారు వస్తే ఆయనే చెప్తాడు, అది ఆయన సబ్జెక్టు.

అంచు మీద పేరుండటం మీ అదృష్టం. మొదటి యుద్ధంలో బ్రిటిష్ వాళ్ళు ఇలాంటి సర్వీసు మెడల్స్ మీద నంబరు, హోదా, పేరు, దళం కొట్టి ఇచ్చారు. రెండో యుద్ధానికి వచ్చేసరికి తమ సైనికులకిచ్చిన స్టార్ల (నక్షత్రం ఆకారపు మెడల్స్) మీదా, యుద్ధ మెడల్స్ మీదా పేరు వేయడం మానేశారు. అవి కొన్నవాళ్ళకి వెంట కాగితాలు లేకపోతే చేసేదేం లేదు.

ఇక సోమ్ కథ. అమ్మినాయన చెప్పింది పక్కన పెట్టి, నంబరు చూడండి. ఆరంకెలు అన్నారు కదా. బ్రిటిష్ కాల్బలంలో ఆరంకెల నంబరు ఉందంటే ఆ మనిషి టెరిటోరియల్ ఫోర్స్ (పార్ట్‌టైం స్వచ్ఛంద సైనికుల దళం) వాడని దాదాపుగా చెప్పేయొచ్చు. ఆ దళాల్లో మొదట్లో ఒక్కో బెటాలియన్ తన లెక్క తానే రాసుకునేది, నంబర్లు చిన్నవి. ఒకే నంబరు చాలామందికి ఉండేది. ఆ గందరగోళం పోవాలని 1917 మొదట్లో అందరికీ కొత్తగా ఆరంకెల నంబర్లిచ్చారు. సోమ్ యుద్ధం 1916 జులై 1న మొదలై నవంబర్ 18కి ముగిసింది. అక్కడ చనిపోయినవాడికి మర్నాటి ఏడాది కొత్త నంబరు ఎవరిస్తారు? 1918లోనూ సోమ్ ప్రాంతంలో పోరాటం జరిగింది కాబట్టి అక్కడ చనిపోలేదని ఇప్పుడే తేల్చలేం గానీ, 1916 కథ మాత్రం నిలబడదు. అమ్మేవాళ్ళు సోమ్ పేరు ఎందుకు వాడతారో మీకు చెప్పక్కర్లేదు, ఆ పేరుకి ధర పలుకుతుంది.

ఆ నంబరు ఇంకో మేలు చేస్తుంది. రెజిమెంట్‌లో ఒక్కో టెరిటోరియల్ బెటాలియన్‌కి ఒక్కో వరస నంబర్లు కేటాయించారు. మాంచెస్టర్ రెజిమెంట్ వరసలు చూస్తే మీ స్మిత్ ఏ బెటాలియన్‌లో ఉండగా ఆ నంబరు వచ్చిందో తెలిసిపోతుంది.

అంతకన్నా ముందు ఆ పేరు అసలుదో కాదో చూసుకోండి. పాత పేరు అరగదీసి, గిరాకీ ఉన్న పేరు కొట్టేవాళ్ళున్నారు. మెడల్ అడ్డుకొలత 36 మిల్లీమీటర్లు ఉండాలి. వెర్నియర్‌తో నాలుగైదు చోట్ల కొలవండి. పేరున్న వైపు కాస్త తగ్గినా, అంచు అక్కడ చదునుగా అనిపించినా అనుమానించాల్సిందే. ప్రైవేట్ జె. స్మిత్ పేరు దొంగగా కొట్టి ఎవడూ బాగుపడడు కాబట్టి మీ విషయంలో నాకు పెద్ద భయం లేదు. అయినా కొలవండి, అలవాటవుతుంది.

ఇంకో సంగతి. విక్టరీ మెడల్ ఎవరికీ ఒంటరిగా ఇవ్వలేదు. దానితో పాటు వెండి బ్రిటిష్ వార్ మెడల్ తప్పకుండా ఉంటుంది. మీ దగ్గర అది లేదంటే ఎక్కడో విడిపోయింది. 1980 జనవరిలో వెండి ధర ఆకాశానికంటినప్పుడు ఆ వెండి మెడల్స్ కుప్పలు కుప్పలుగా కరిగించేశారు. కంచుది కాబట్టి విక్టరీ మెడల్ బతికి బయటపడింది. జత దొరుకుతుందని ఆశ పెట్టుకోకండి.

ఇప్పుడు కాగితాలు. లండన్‌లో క్యూ అనే చోట బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్ ఉంది. అక్కడ మెడల్ ఇండెక్స్ కార్డులున్నాయి, ఆన్‌లైన్‌లో చూడొచ్చు. పేరుతో వెతకొద్దు, నంబరూ రెజిమెంటూ కలిపి వెతకండి. స్మిత్‌ల గుంపంతా అక్కడే రాలిపోతుంది. కార్డు మీద ఆయన పనిచేసిన దళాలన్నీ ఉంటాయి. మెడల్ మీద సాధారణంగా విదేశానికి వెళ్ళినప్పుడు మొదట ఉన్న దళం పేరే కొడతారు, తర్వాత ఎక్కడికి మారాడో కార్డు చూస్తేనే తెలుస్తుంది. విదేశానికి వెళ్ళిన తేదీ గడి ఖాళీగా ఉంటే 1916కి ముందు వెళ్ళలేదని అర్థం చేసుకోవచ్చు, ముందే వెళ్ళినవాళ్ళకి స్టార్ ఇవ్వాలి కాబట్టి ఆ తేదీ రాసేవాళ్ళు. కార్డు వెనక ఒక్కోసారి ఇంటి చిరునామా ఉంటుంది. ఆర్కైవ్స్ వాళ్ళిచ్చే నలుపు తెలుపు కాపీలో వెనక వైపు రాదు, యాన్సెస్ట్రీ అనే వెబ్‌సైట్‌లో రంగుల్లో రెండు వైపులా పెట్టారు.

కార్డులో మెడల్ రోల్ (మెడల్ పొందినవాళ్ళ జాబితా) పేజీ నంబరు ఉంటుంది. బెటాలియన్ ఏదో ఎక్కువగా రోల్‌లోనే దొరుకుతుంది. అది తెలిశాక ఆ బెటాలియన్ వార్ డైరీ చదవండి. మామూలు సిపాయిల పేర్లు డైరీలో రావడం అరుదు, ఆఫీసర్లవే రాస్తారు. కానీ ఫలానా రోజు ఎక్కడున్నారో, వాన పడిందో, ఎంతమంది పోయారో ఉంటుంది.

సర్వీసు రికార్డు కోసం కూడా చూడండి, అయితే టెన్షన్ పడకండి. 1940 సెప్టెంబర్‌లో లండన్ మీద పడ్డ బాంబులకి ఆ ఫైళ్ళున్న గోడౌన్ కాలిపోయింది. సగానికి పైగా బూడిదైపోయాయి. మిగిలినవాటి అంచులు కాలి, తడిసి, చదవడానికే కష్టంగా ఉంటాయి.

లెక్కలమాస్టారు:

పాతరిబ్బన్ గారు పిలిచారు కాబట్టి వచ్చాను.

ఆ బి, నాలుగంకెలు సైజు కాదు, గోడౌన్ నంబరూ కాదు. చాకలి గుర్తు. అమెరికన్ సైన్యంలో బట్టలు ఉతకడానికి గంపగుత్తగా వేస్తారు కదా, ఎవరివి వాళ్ళకి తిరిగి రావాలని ఇంటిపేరు మొదటి అక్షరం, సర్వీసు నంబరులో చివరి నాలుగంకెలు వేసుకునేవాళ్ళు. అంటే మీవాడి ఇంటిపేరు బితో మొదలవుతుంది, నంబరు చివర అవే నాలుగంకెలు.

అమెరికా నేషనల్ ఆర్కైవ్స్‌లో రెండో యుద్ధంలో సైన్యంలో చేరినవాళ్ళ జాబితా పబ్లిక్‌గా ఉంది, దాదాపు 90 లక్షల పేర్లు. చివరి నాలుగంకెలు పదివేల రకాలుగా ఉండొచ్చు కాబట్టి మీ అంకెలున్నవాళ్ళు సుమారు 900 మంది. అమెరికాలో బితో మొదలయ్యే ఇంటిపేర్లు బాగా ఎక్కువ, పదో వంతు అనుకుందాం. అంటే 90 మంది. జాబితాలో అందరూ లేరు, కొన్ని నంబర్లు తప్పుగా ఎక్కాయి, అది వేరే సంగతి. అయినా 90 మంది చేతిలో పట్టే గుంపే. ఇప్పుడు జాకెట్ మీదున్న మిగతా ఆనవాళ్ళతో వాళ్ళని వడకట్టాలి.

సింహం తల 106వ ఇన్ఫంట్రీ డివిజన్‌ది. అక్కడే నాకు ఒకటి పొసగట్లేదు. చేతి మీద గీతలు నాలుగన్నారు. ఒక్కో గీతకి విదేశంలో ఆరు నెలలు, నాలుగంటే రెండేళ్ళు. 106వ డివిజన్ అమెరికా నుంచి బయలుదేరిందే 1944 నవంబర్‌లో. డిసెంబర్ 16న బల్జ్ యుద్ధం (బెల్జియం ప్రాంతంలో జర్మన్ల పెద్ద ఎదురుదాడి) మొదలయ్యేనాటికి వాళ్ళు ఫ్రంట్‌కి వచ్చి వారం కూడా కాలేదు. దాని మూడు రెజిమెంట్లలో రెండు లొంగిపోయాయి. 1945 అక్టోబర్‌కల్లా డివిజన్ తిరిగొచ్చేసింది. మొదటి రోజు నుంచి చివరిదాకా ఉన్నవాడికి కూడా ఒక్క గీత కన్నా రాదు. మరి మిగతా మూడూ ఎక్కడివి?

దీనికి రెండు జవాబులు.

ఒకటి, మనిషి వేరే డివిజన్‌లో పోరాడి చివర్లో దీనికి మారాడు. జర్మనీ లొంగిపోయాక అమెరికన్లు పాయింట్ల పద్ధతి పెట్టారు. సర్వీసులో నెలకి ఒకటి, విదేశంలో ఉంటే నెలకి ఇంకొకటి, ఒక్కో దండయాత్రలో పాల్గొన్నందుకిచ్చే క్యాంపెయిన్ స్టార్‌కి అయిదు, ఒక్కో బిడ్డకి పన్నెండు, అదీ ముగ్గురి వరకే. 85 వస్తే ఇంటికి. పాయింట్లు ఎక్కువున్నవాళ్ళని ఇంటికెళ్ళే డివిజన్లలోకీ, తక్కువున్నవాళ్ళని ఉండిపోయే వాటిలోకీ సర్దారు. అలా వేలమంది తాము ఎన్నడూ పోరాడని డివిజన్ ప్యాచ్ ఎడమ భుజాన వేసుకుని ఇంటికెళ్ళారు. పోరాడిన డివిజన్ ప్యాచ్ కుడి భుజానికి కుట్టుకునేవాళ్ళు. మీది ఖాళీ అన్నారు. ఇప్పుడు ఖాళీగా ఉందంటే ఎప్పుడూ ఖాళీయే అని కాదు. టార్చి పక్కనుంచి వేసి సూది బెజ్జాలున్నాయేమో, ఒకచోట ఉన్ని రంగు తేడాగా ఉందేమో చూడండి.

రెండో జవాబు, బల్జ్ పేరుకి గిరాకీ ఉంది కాబట్టి ఎవరో వ్యాపారి సింహాన్ని తర్వాత కుట్టాడు. దీనికి అల్ట్రావయొలెట్ లైటు వేసి చూస్తారు. యుద్ధం తర్వాత వచ్చిన సింథటిక్ దారం తెల్లగా మెరుస్తుంది, ఆనాటి నూలుదారం మెరవదు. అయితే ఒక్కటి గుర్తుంచుకోండి, జాకెట్‌ని ఈమధ్య ఎవరైనా డిటర్జెంట్‌లో ముంచి ఉంటే అసలు దారం కూడా మెరుస్తుంది. ప్యాచ్ దారం ఒక్కటే మెరిసి చుట్టూ ఉన్ని మెరవకపోతే అప్పుడు అనుమానించండి.

ఆ పక్షి గౌరవంగా డిశ్చార్జి అయిన గుర్తు. సర్వీసు ముగిశాక, ఇంటికెళ్ళే దారిలో యూనిఫాం వేసుకున్నా సైన్యం నుంచి పారిపోయినవాడు కాదని తెలియడానికి కుట్టేవాళ్ళు. కాబట్టి ఈ జాకెట్‌లోనే ఆయన ఇల్లు చేరి ఉంటాడు.

తాళపత్రం:

మధ్యలో వచ్చినందుకు ఏమనుకోకండి. నా దగ్గర మొదటి యుద్ధం నాటి వార్ మెడల్ ఉంది, భారత సైన్యం సిపాయిది, దళం పేరు కార్నాటిక్ ఇన్ఫంట్రీ. ఇండెక్స్ కార్డుల్లో వెతికితే దొరకట్లేదు.

పాతరిబ్బన్:

దొరకదు బాబూ. ఆ కార్డులు ముఖ్యంగా బ్రిటిష్ సైన్యానివి. భారత సైన్యం ఆఫీసర్ల కాగితాలు బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీస్ రికార్డ్స్‌లో ఉన్నాయి, సిపాయిలకి అలాంటి ఒకే చోటు లేదు. పంజాబ్ వాళ్ళకి మాత్రం ఊరూరా రాసిన రిజిస్టర్లు లాహోర్ మ్యూజియంలో బయటపడ్డాయి, సుమారు 3 లక్షల 20 వేల పేర్లు. 2021 నుంచి ఆన్‌లైన్‌లో పెడుతున్నారు. కార్నాటిక్ దళాలంటే పాత మద్రాసు సైన్యం కాబట్టి అవి నీకు పనికిరావు.

నువ్వు ముందు యుద్ధంలో పోయినవాళ్ళ సమాధులు చూసుకునే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ జాబితా చూడు. చనిపోయినవాడైతే చాలాసార్లు తండ్రి పేరు, ఊరు, తాలూకా కూడా రాసి ఉంటుంది. బ్రిటిష్ సిపాయి కన్నా మనవాడి ఊరు తొందరగా తెలిసే సందర్భం అదొక్కటే. ఇంగ్లీషు గుమస్తా చెవికి వినబడినట్టు పేరు రాశాడు, కాబట్టి అక్షరాలు మార్చి మార్చి వెతుకు. రామస్వామి ఎన్ని రకాలుగా ఉంటాడో చూసి నవ్వుకుంటావు.

మెడల్ వెండిదా కంచుదా? కంచుదైతే లేబర్ కోర్ లాంటి దళాల్లో కూలిగా వెళ్ళినవాడికి ఇచ్చినదని అర్థం. దళం పేరు కార్నాటిక్ అయి, లోహం కంచైతే మాత్రం ఫోటో పెట్టు, చూడాలి. రెండో యుద్ధంలో భారత సిపాయిలకిచ్చిన మెడల్స్ మీద పేర్లున్నాయి, బ్రిటిష్ వాళ్ళకి లేవు. ఆ ఒక్క విషయంలో మనం నయం.

ఎర్రనక్షత్రం:

పేర్లు లేకపోయినా పరవాలేదనిపించేవి సోవియట్ ఆర్డర్లు. ఆర్డర్ ఆఫ్ ది రెడ్ స్టార్ వెనక నంబరు ఉంటుంది. ఆ నంబరు పట్టుకుంటే పొదోల్స్క్‌లోని రక్షణ శాఖ ఆర్కైవ్‌లో ఎవరికిచ్చారో, ఏం చేస్తే ఇచ్చారో దొరికే అవకాశం ఉంది. చాలా సిఫారసు పత్రాలు 2010 నుంచి ఆన్‌లైన్‌లో ఉన్నాయి, చేతిరాతతో. రష్యన్ రావాలి, అంతే. కానీ ఆ దేశం నుంచి వాటిని బయటికి తేవడం నేరం, కొనేటప్పుడు జాగ్రత్త.

గుండీలపెట్టె:

అందరికీ చాలా థాంక్స్. చెప్పినట్టే చేశాను, ఇవిగో ఫలితాలు.

మెడల్ అన్ని వైపులా 36 మిల్లీమీటర్లే ఉంది. నంబరూ రెజిమెంటూ కలిపి వెతికితే ఒక్కటే కార్డు వచ్చింది. దళాలు రెండున్నాయి, మాంచెస్టర్ రెజిమెంట్, దాని కింద లేబర్ కోర్. విదేశానికి వెళ్ళిన తేదీ గడి ఖాళీ. వార్ గ్రేవ్స్ జాబితాలో ఈ నంబర్లతో ఎవరూ లేరు. అంటే బతికే ఉన్నాడా?

జాకెట్ కుడి భుజం మీద మాస్టారు గారు చెప్పినట్టే సూది బెజ్జాలున్నాయి. మూల మీద నిలబెట్టిన చతురస్రంలా కనిపిస్తోంది, నాలుగు వైపులా సమానంగా ఉంది. ఆ మేర ఉన్ని కొంచెం ముదురు రంగు. సింహం దారం లైటు కింద మెరవలేదు.

లెక్కలమాస్టారు:

అబ్బ, బాగుంది. మూల మీద నిలబడ్డ చతురస్రం అంటే నాకు మొదట తట్టేది 45వ ఇన్ఫంట్రీ డివిజన్, ఎర్ర చతురస్రంలో పసుపు థండర్‌బర్డ్, అంటే అమెరికన్ ఆదివాసుల కథల్లోని పక్షి. (యుద్ధానికి ముందు అదే చోట స్వస్తిక్ ఉండేది, అమెరికన్ ఆదివాసుల గుర్తుగా. హిట్లర్ పుణ్యమా అని మార్చుకున్నారు.) 5వ డివిజన్‌ది కూడా ఎర్ర డైమండే గానీ అది నిలువుగా సాగి ఉంటుంది. మీరు నాలుగు వైపులా సమానం అంటున్నారు.

45వ డివిజన్ 1943 జూన్‌లో అమెరికా దాటి జులైలో సిసిలీలో దిగింది. అక్కడి నుంచి 1945 అక్టోబర్ దాకా లెక్కేస్తే 28 నెలలు. నాలుగు గీతలు. 106తో కలిసి ఇంటికెళ్ళాడనుకుంటే లెక్క సరిపోయింది. రుజువైందని అనను, మధ్యలో చేరినవాడు కావచ్చు, ఇంకో దళం ప్యాచ్ కూడా కావచ్చు. కానీ ఇప్పుడు 90 మందిని ఏ కోణంలో చూడాలో తెలిసింది. 45వది ఓక్లహోమా, కొలరాడో, న్యూమెక్సికో, అరిజోనా రాష్ట్రాల నేషనల్ గార్డ్, అంటే పార్ట్‌టైం సైన్యం. నేషనల్ గార్డ్ వాళ్ళ నంబర్లు 20తో మొదలవుతాయి, నిర్బంధంగా తీసుకున్నవాళ్ళవి 3తోనో 4తోనో. ముందు 20 వాళ్ళని విడిగా తీయండి.

పేరు దొరికాక అమెరికాలో సెయింట్ లూయిస్‌లో ఉన్న సైనిక రికార్డుల కేంద్రానికి రాయండి. డిశ్చార్జి అయి 62 ఏళ్ళు దాటినవాళ్ళ ఫైలు ఎవరైనా అడగొచ్చు. 1973 జులైలో అక్కడ జరిగిన అగ్నిప్రమాదంలో ఆ కాలపు ఆర్మీ ఫైళ్ళలో 80 శాతం పోయాయి, కాబట్టి ఫైలు లేదంటే నిరాశపడి వదిలేయకుండా మార్నింగ్ రిపోర్టులు అడగండి. కంపెనీలో ఆ రోజు ఎవరు చేరారు, ఎవరు వెళ్ళారు, ఎవరు ఆస్పత్రిపాలయ్యారు అని రోజూ రాసేవాళ్ళు. 45 నుంచి 106కి ఎవరైనా మారి ఉంటే అందులో పడాల్సిందే.

కుడి భుజానికి కొత్త థండర్‌బర్డ్ కొని కుట్టకండి, దయచేసి. ఆ బెజ్జాలే మీ సాక్ష్యం.

గుండీలపెట్టె:

కుట్టను, ప్రామిస్. పాతరిబ్బన్ గారూ, స్మిత్ కుటుంబం ఎవరైనా దొరికితే మెడల్ వాళ్ళకి తిరిగి ఇచ్చేయాలా? ఇది నన్ను తినేస్తోంది.

పాతరిబ్బన్:

ఇవ్వాలనిపిస్తే ఇవ్వండి, కానీ అది పోయిందనీ, వాళ్ళు ఏడుస్తున్నారనీ ముందే అనుకోకండి. 1920లలో, 30లలో ఉద్యోగాల్లేక మెడల్స్ తాకట్టు పెట్టినవాళ్ళు, అమ్ముకున్నవాళ్ళు చాలామంది. కొందరికి అవి చూడటమే ఇష్టం లేదు. ముందు మీరు కనుక్కున్న కాగితాల కాపీలు పంపి, వాళ్ళకి తెలుసుకోవాలని ఉందో లేదో అడగండి. చాలాసార్లు వాళ్ళు మెడల్ అడగరు, ఫోటో అడుగుతారు. బదులుగా వాళ్ళ దగ్గరున్న ఫోటో మీకు పంపుతారు, అదే మనకి కావలసింది. బతికున్నవాళ్ళ పేర్లు, చిరునామాలు మాత్రం ఇక్కడ పెట్టొద్దు.

మీ ముందు ప్రశ్నకి వస్తే, బతికాడనే అనుకోవచ్చు. లేబర్ కోర్‌కి మారాడంటే గాయమో జబ్బో అయి ఫ్రంట్‌కి పనికిరాకుండా పోయి ఉంటాడు, అలాంటివాళ్ళనే ఎక్కువగా అక్కడికి పంపేవాళ్ళు. అందుకని పెన్షన్ కార్డులు చూడండి. పారేయబోతుంటే వెస్ట్రన్ ఫ్రంట్ అసోసియేషన్ (మొదటి యుద్ధ చరిత్ర మీద ఆసక్తి ఉన్నవాళ్ళ సంఘం) వాళ్ళు కాపాడారు, 60 లక్షలకు పైనే ఉన్నాయి.

ఆ తర్వాత 1918 నాటి గైర్హాజరు ఓటర్ల జాబితా. యుద్ధంలో ఉన్నవాళ్ళు ఓటెయ్యాలని తయారుచేశారు, నంబరూ దళంతో పాటు ఇంటి చిరునామా ఉంటుంది. అన్ని ఊళ్ళవీ మిగల్లేదు. మీదానికి మాంచెస్టర్‌తో మొదలుపెట్టి చుట్టుపక్కల పట్టణాలూ చూడండి. వీధి దొరికితే 1921 జనాభా లెక్కల్లో ఆ ఇంట్లో ఎవరున్నారో చూడొచ్చు, 2022లో బయటపెట్టారు. 1931 లెక్కలు కాలిపోయాయి, 1941లో అసలు తీయలేదు. కాబట్టి తర్వాత చూడాల్సింది రెండో యుద్ధం మొదలైనప్పుడు జనం పేర్లు నమోదు చేసిన 1939 రిజిస్టరే, అందులో పుట్టిన తేదీ ఉంటుంది. జె అంటే జాన్‌ ఆ, జేమ్స్ ఆ, జోసెఫ్ ఆ అన్నది ముందు పెన్షన్ కార్డులో తేల్చుకుని అక్కడికి వెళ్ళండి, లేకపోతే మళ్ళీ ఊరంత జాబితాలో పడతారు.